ఒకే యుద్ధంలో యానాం చేతులు మారింది, కనెక్టికట్ ఊళ్ళు కాలిపోయాయి: ఈ తేడా ఎందుకు వచ్చింది?

కోనసీమ చరిత్ర అభిమాని, అమలాపురం:

సభ్యులందరికీ నమస్కారం. చరిత్ర చెప్పే అధ్యాపకులం కొందరం నెలకొకసారి కూర్చుని, తలా ఒక అంశం మీద మాట్లాడుకుంటూ ఉంటాం. ఈసారి నా వంతుకు అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. సరటోగా, యార్క్‌టౌన్ వంటి పెద్ద పోరాటాల గురించి పాఠ్యపుస్తకాల్లోనే కావలసినంత ఉంది కాబట్టి వాటిని పక్కన పెట్టి, ఆ యుద్ధకాలంలో బ్రిటిష్ వారు సముద్రతీరపు ఊళ్ళ మీద చేసిన దాడులను తీసుకున్నాను. చదివిన కొద్దీ ఒక సందేహం గట్టిపడుతోంది.

1775 అక్టోబరు 18న ఫాల్మత్ అనే రేవు పట్టణాన్ని, అంటే నేటి మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌ను, ఓడల మీది ఫిరంగులతో కొట్టి తగలబెట్టారు. 1778 సెప్టెంబరులో న్యూ బెడ్‌ఫర్డ్ రేవులో ఓడలనూ గిడ్డంగులనూ కాల్చారు. 1779 జులైలో వారం తిరక్కుండా న్యూ హేవెన్, ఫెయిర్‌ఫీల్డ్, నార్వాక్ అనే మూడు కనెక్టికట్ పట్టణాల మీద పడ్డారు. 1781 సెప్టెంబరు 6న న్యూ లండన్ కాలింది. వీటిలో ఒక్క ఊరిని కూడా వారు ఆ దాడి తర్వాత తమ చేతిలో ఉంచుకోలేదు. దిగారు, కాల్చారు, తిరిగి ఓడలెక్కి వెళ్ళిపోయారు. నిలబెట్టుకునే ఉద్దేశమే లేని ఊరి మీద అన్ని ఓడలు, అంత సైన్యం, అంత మందుగుండు ఖర్చు చేసి వారు ఆశించిన ఫలితం ఏమిటి?

రెండో సందేహం మన గుమ్మంలోది. ఫ్రాన్సు అమెరికన్ల పక్షాన చేరిన 1778లోనే ఆ యుద్ధం మన గోదావరి ఒడ్డుకూ వచ్చింది. యానాంను ఇంగ్లీషు కంపెనీ స్వాధీనం చేసుకుని 1785లో ఫ్రెంచివారికి తిరిగి అప్పగించింది. ఒకే రాజు, ఒకే యుద్ధం, అక్కడా ఇక్కడా సముద్రం మీద బతికే వర్తక స్థావరాలే. అయినా ఒకచోట జెండా మార్చి ఊరుకున్నవారు మరొకచోట కొరివి పట్టుకుని ఎందుకు దిగారు? ఇది ఆయా సేనానుల స్వభావాన్ని బట్టి వచ్చిన తేడాయా, లేక దాని వెనక ఒక విధానం ఉందా? తెలిసిన పెద్దలు వివరంగా రాయవలసిందిగా ప్రార్థన.


విశ్రాంత అధ్యాపకుడు, కాకినాడ:

నమస్కారమండీ. ఈ దాడులన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల మీ మొదటి ప్రశ్న ఉన్నదానికంటే చిక్కుగా కనబడుతోందని నా అభిప్రాయం. యుద్ధం సాగిన కొద్దీ దాడికి కారణాలు మారుతూ వచ్చాయి.

ఫాల్మత్ నాటికి అది వట్టి దండన. బోస్టన్‌లో ఉన్న అడ్మిరల్ శామ్యూల్ గ్రేవ్స్, తిరుగుబాటుకు కొమ్ముకాస్తున్న రేవులకు బుద్ధి చెప్పి రమ్మని హెన్రీ మోవాట్ అనే నౌకాధికారిని పంపాడు. ఆ ఏడాది మే నెలలో అదే ఊళ్ళో స్థానిక సేనవారు ఇదే మోవాట్‌ను పట్టుకుని వదిలిపెట్టి ఉన్నారు కనుక పాత పగ కూడా తోడై ఉండవచ్చు. ఊరివారికి అతడు మొదట రెండు గంటల గడువిచ్చాడు. పెద్దమనుషులు ఓడ మీదికి వెళ్ళి బతిమాలుకుంటే, ఆయుధాలు అప్పగించే షరతు మీద మర్నాటి ఉదయం దాకా ఆగుతానన్నాడు. వారు అప్పగించినవి ఏవో కాసిని తుపాకులు. ఆ రాత్రంతా జనం చేతికందిన సామాను ఊరి బయటికి చేరవేసుకున్నారు. ఉదయం 9 గంటల 40 నిమిషాలకు మొదలైన కాల్పులు సాయంత్రం 6 దాకా సాగాయి. గుండ్లకు అంటుకోని చోట సైనికులు దిగి స్వయంగా నిప్పు పెట్టారు. 400కు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. ఆ ఉత్తరాది చలికాలం గడప దాకా వచ్చిన సమయంలో వెయ్యిమంది దాకా నిలువనీడ లేనివారయ్యారు.

1778 వచ్చేసరికి లెక్క మారింది. అంతకుముందు ఏడాది సరటోగాలో ఒక బ్రిటిష్ సైన్యం మొత్తం లొంగిపోయింది. ఫిబ్రవరి 6న ఫ్రాన్సు అమెరికన్లతో ఒప్పందం చేసుకుంది. అంత విశాలమైన దేశాన్ని అడుగడుగునా పట్టి నిలపడం తమ తరం కాదని లండన్ పెద్దలకు అర్థమైంది. అమెరికా వ్యవహారాల మంత్రి లార్డ్ జార్జ్ జెర్మెయిన్ ఆ మార్చిలో సేనాధిపతి సర్ హెన్రీ క్లింటన్‌కు ఆదేశాలు పంపాడు: వాషింగ్టన్‌ను తేల్చుకునే యుద్ధానికి రప్పించలేని పక్షంలో, న్యూయార్క్ నుంచి నోవా స్కోషియా దాకా ఉన్న రేవుల మీద పడి, ఓడలనూ నిల్వలనూ నాశనం చేయాలి. ఆ రేవుల్లో నిజంగానే వారికి కంట్లో నలుసులాంటివి ఉన్నాయి. అనుమతి పత్రం చేతబట్టుకుని బ్రిటిష్ సరుకు ఓడలను పట్టుకుని అమ్ముకునే ప్రైవేటీర్ ఓడలు న్యూ బెడ్‌ఫర్డ్, న్యూ లండన్ వంటి చోట్ల గూడు కట్టుకుని ఉండేవి. సెప్టెంబరులో మేజర్ జనరల్ చార్లెస్ గ్రే న్యూ బెడ్‌ఫర్డ్ పని ముగించుకుని మార్తాస్ విన్‌యార్డ్ అనే దీవికి వెళ్ళి, అక్కడినుంచి సుమారు 10,000 గొర్రెలనూ 300 ఎడ్లనూ ఓడలకెక్కించుకుపోయాడు. న్యూయార్క్‌లో ఉన్న బ్రిటిష్ సైన్యానికి మాంసం కావాలి కదా. యుద్ధ చరిత్రకారులు ఇటువంటి వాటిని ఒక వాక్యంతో దాటేస్తారు గానీ, ఆ చలికాలం ఆ దీవివారు ఎలా గడిపారో ఊహించుకుంటే ఒక్క వాక్యం చాలదనిపిస్తుంది.

మీ ప్రశ్నకు అసలు జవాబు 1779లో ఉంది. ఆ వేసవి మొదట్లో క్లింటన్ హడ్సన్ నది మీద స్టోనీ పాయింట్ అనే కోటను పట్టుకున్నాడు. వాషింగ్టన్ మాత్రం వెస్ట్ పాయింట్ కొండలను అంటిపెట్టుకుని మైదానంలోకి దిగడం లేదు. కనెక్టికట్ తీరాన్ని తగలబెడితే, ఆ రాష్ట్రం మొరపెట్టుకుంటే, ఆయన కొండ దిగక తప్పదని క్లింటన్ ఊహ. అందుకని రాజు నియమించిన న్యూయార్క్ గవర్నరు విలియం ట్రయాన్‌ను సుమారు 2,600 మంది సైనికులతో, కమడోర్ జార్జ్ కొలియర్ నౌకలతో పంపాడు. జులై 5న న్యూ హేవెన్, 7, 8 తేదీల్లో ఫెయిర్‌ఫీల్డ్, 11న నార్వాక్. న్యూ హేవెన్ పట్టణం చాలా వరకు బతికిపోయింది. ఫెయిర్‌ఫీల్డ్‌లో ఇళ్ళు, పశువుల సావిళ్ళు, దుకాణాలు, న్యాయస్థానం, చర్చిలు కలిపి సుమారు 200 కట్టడాలు పోయాయి. నార్వాక్‌లో 130 ఇళ్ళు, 87 సావిళ్ళు కాలాయి.

ఈ పని తర్వాత ట్రయాన్ క్లింటన్‌కు రాసిన జాబు చదవవలసినది. తిరుగుబాటు నాయకులు తేల్చుకునే యుద్ధాన్ని తప్పించుకుంటూ, బ్రిటన్ ఖజానా కరిగిపోయేదాకా కాలం గడుపుతూ, ఈలోగా తమ ఆస్తులు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటాయన్న ధీమాతో ఉన్నారని, ఆ ధీమాను చెదరగొట్టడమే తన ఉద్దేశమని అతడు సమర్థించుకున్నాడు. యుద్ధాన్ని సాగదీయడం ఖరీదైన వ్యవహారమని ఊరివాడికి వాడి ఇంటి ధరతో తెలియజెప్పడమన్నమాట. క్రూరత్వం ఉంది గానీ, అది లెక్క వేసుకుని చేసిన క్రూరత్వం.

లెక్క తప్పింది. వాషింగ్టన్ కొన్ని దళాలను అటు పంపాడే తప్ప తాను కదలలేదు. పైగా జులై 15 అర్ధరాత్రి దాటాక అమెరికన్ సేనాని ఆంథొనీ వేన్ నాయకత్వంలో ఎంపిక చేసిన పదాతిదళం, చాలామంది తుపాకుల్లో గుండు కూడా పెట్టుకోకుండా, బాయొనెట్లతోనే స్టోనీ పాయింట్ ఎక్కి దానిని పట్టుకుంది. 500కు పైగా బందీలు దొరికారు. న్యూ లండన్ మీద తలపెట్టిన దాడి ఆ ఏడాదికి ఆగిపోయింది.


గౌతమి ఒడ్డు నుంచి, యానాం:

పెద్దలు మొదటి ప్రశ్నకు జవాబిచ్చారు గనుక నేను రెండోదానికే పరిమితమవుతాను.

యానాం విషయంలో ముందుగా గమనించవలసింది చుట్టూ ఉన్న పటం. ఉత్తర సర్కార్లు 1765 నాటి మొగలు ఫర్మానాతో, 1766లో నిజాంతో కుదిరిన ఒప్పందంతో కంపెనీ చేతిలోకి వచ్చేశాయి. అంటే 1778 నాటికి యానాం నాలుగు వైపులా కంపెనీ భూమి ఉన్న చిన్న తునక. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువారి సొంత వర్తక స్థావరం ఉంది. నరసాపురం దగ్గర మాధవాయపాలెం బట్టల వ్యాపారానికి అప్పటికే పేరుమోసింది. ఈ స్థావరాలన్నీ బతికేది చుట్టుపక్కల గ్రామాల మగ్గాల మీద. బయానా తీసుకుని బట్ట నేసి ఇచ్చే సాలె కుటుంబాలు ఎవరికి నేసినా అవే కుటుంబాలు. యానాంకు నిప్పు పెడితే కాలేది రేపు తాము కొనబోయే సరుకు. అటువంటి చోట జెండా దించి, గిడ్డంగి తాళాలు తీసుకుని, వర్తకాన్ని తమ వైపు మళ్ళించుకోవడమే లాభం.

రెండోది, యానాం ఒక రాజు నుంచి మరొక రాజు పట్టుకున్న ఆస్తి. 1778 జులైలో బెంగాల్‌లోని ఫ్రెంచి స్థావరం చందర్‌నగర్ పడింది, అక్టోబరులో హెక్టర్ మన్రో ముట్టడికి పుదుచ్చేరి లొంగింది, మర్నాటి ఏడు మార్చిలో మాహే పోయింది. ఇవన్నీ సంధి బల్ల దగ్గర ఇచ్చిపుచ్చుకోవడానికి పనికొచ్చే నాణేలు. 1783లో వెర్సాయ్‌లో అదే జరిగింది. స్థావరాలు తిరిగి వెళ్ళాయి. కనెక్టికట్ రైతు విషయం అలా కాదు. లండన్ దృష్టిలో అతడు శత్రుదేశపు ప్రజ కాదు, సొంత రాజు మీద తిరగబడ్డ ప్రజ. ట్రయాన్, కొలియర్ కలిసి జారీ చేసిన ప్రకటనలో ఆ కోపం దాచుకోలేదు: రక్షణ లేని మీ తీరంలో ఒక్క ఇల్లు మిగిలి ఉన్నా అది మీ కృతఘ్నతకు నిత్యం మందలింపుగా నిలవాలి అన్నారు. ఫ్రెంచి రాజు ప్రజలను ఎవరూ కృతఘ్నులనరు. వారు తమ రాజుకు విధేయులుగా ఉండటం సహజమేనని ఇంగ్లీషువారే ఒప్పుకుంటారు.

అయితే కంపెనీవారు మన వైపు మర్యాదస్తులుగా ప్రవర్తించారని మాత్రం ఎవరూ అనుకోవద్దు. అంతకుముందు యుద్ధంలో, 1761లో పుదుచ్చేరి లొంగిపోయిన తర్వాత, కోటనే కాదు పట్టణాన్ని కూడా నేలమట్టం చేశారు. 1758లో ఫ్రెంచివారు కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటను పడగొట్టినందుకు అది బదులు. పడగొట్టడానికి కోట అంటూ ఉన్న ఊరికి ఒక నీతి, బట్టలు దొరికే ఊరికి ఒక నీతి. యానాం రెండో రకానికి చెందడం దాని అదృష్టం.


రాజోలు నుంచి వెళ్ళి కనెక్టికట్‌లో స్థిరపడ్డ సభ్యుడు:

ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. నేను ఉంటున్నది నార్వాక్‌కు దగ్గరలోనే. నీటి సంగతి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి దాంతో మొదలుపెడతాను.

మన గోదావరి మొగల దగ్గర ఇసుక మేటలు ఎలా ఉంటాయో డెల్టావారికి చెప్పనక్కరలేదు. పెద్ద ఓడ ఎక్కడో దూరాన లంగరు వేసుకోవాలి. అక్కడినుంచి ఒడ్డుకు రావాలంటే అలల మీద పడవ నడపడం పుట్టుకతో వచ్చిన మన సరంగులే దిక్కు. పైగా యానాం సముద్రపు ఒడ్డున కాదు, గౌతమి మీద ఉంది. కనెక్టికట్ తీరం అందుకు పూర్తిగా భిన్నం. ఎదురుగా లాంగ్ ఐలండ్ అనే పొడవాటి దీవి గోడలాగా అడ్డుపడి మహాసముద్రపు అలలను ఆపేస్తుంది. మధ్య ఉన్న జలసంధిలో నీరు చెరువంత నెమ్మదిగా ఉండే రోజులెన్నో. 1776 నుంచి న్యూయార్క్, లాంగ్ ఐలండ్ రెండూ బ్రిటిష్ చేతిలోనే ఉన్నాయి. సాయంత్రం అటునుంచి బయలుదేరితే తెల్లవారేసరికి ఇటు దిగవచ్చు. ఇంత సులువుగా అందే తీరం కాబట్టే ఇన్నిసార్లు దాడికి గురైంది.

దారి చూపించేవారికీ కరువు లేదు. రాజుకు విధేయులైన కనెక్టికట్ కుటుంబాలు ఎన్నో ఇళ్ళూ భూములూ పోగొట్టుకుని దీవికి పారిపోయి ఉన్నాయి. న్యూ హేవెన్ దాడిలో దారి చూపించినవారు ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన యువకులే. ఏ వాగు దగ్గర వంతెన ఉందో, ఎవరి ఇంట్లో మందుగుండు ఉందో ఓడ దిగకముందే తెలుసు.

న్యూ హేవెన్‌లో జరిగిన ఒక సంఘటన ఇక్కడివారు ఇప్పటికీ చెప్పుకుంటారు. పడమటి వైపు దిగిన దళాన్ని ఆపడానికి ఊరివారు వెస్ట్ నది వంతెన మీది పలకలు ఊడదీసి, ఒడ్డున ఫిరంగులు పెట్టుకుని కూర్చున్నారు. సైన్యం పైనున్న డర్బీ దారి గుండా చుట్టుతిరిగి రావలసి వచ్చింది. అది మండు వేసవి, ఉన్ని దుస్తులు, భుజాన బరువు. ఆ దారిలో యేల్ కళాశాల పూర్వాధ్యక్షుడు, మతబోధకుడు నాఫ్తలీ డాగెట్ ఒంటరిగా పొద చాటు నుంచి పిట్టల తుపాకీ పేలుస్తూ కనబడ్డాడు. వయసు యాభై దాటింది. రాజుగారి సైన్యం మీద కాల్పులేమిటని గద్దించిన అధికారికి, యుద్ధంలో ఉన్న హక్కునే వాడుకుంటున్నానని జవాబిచ్చాడట. బాయొనెట్లతో పొడిచి, బూట్లు లాక్కుని, ఎండలో మైళ్ళ దూరం నడిపించారు. తిరిగి కోలుకోలేదు, 1780లో మరణించాడు. అదే సమయంలో ఆ కళాశాల అప్పటి అధ్యక్షుడు ఎజ్రా స్టైల్స్ కళాశాల గోపురం మీద నుంచి దుర్భిణితో ఓడలను లెక్కపెడుతూ, దస్తావేజులను ఊరి బయటికి పంపించే ఏర్పాట్లు చూసుకున్నాడు. అదే రోజు దాడి చేసినవారిలో క్యాంప్‌బెల్ అనే యువ అధికారి, పారిపోతూ కాలు విరిగిన ఒక మతబోధకుడిని తన సైనికుల చేతిలో చావకుండా కాపాడి, వైద్యుడిని పిలిపించాడు. సాయంత్రం లోపల ఆ అధికారి కూడా కాల్పుల్లో చనిపోయాడు. అతడి పేరు కూడా ఇక్కడివారు గౌరవంగానే తలచుకుంటారు.

ఇక తగలబడ్డవారికి పరిహారం. అది రావడానికి 1792 దాకా పట్టింది. కనెక్టికట్ శాసనసభ డబ్బు ఇవ్వలేదు. పడమట, నేటి ఒహాయో రాష్ట్రంలో తనకు ఉందని చెప్పుకున్న భూమిలోంచి 5,00,000 ఎకరాలను బాధితులకు కేటాయించింది. దానికి ఫైర్‌లాండ్స్ అని పేరు పడింది. జాబితాలో 1,800 మందికి పైగా ఉన్నారు. కానీ ఇల్లు కాలిన వ్యక్తి వందల మైళ్ళ అవతల అడవిలో ఉన్న ఎకరాలను ఏం చేసుకుంటాడు? అక్కడి ఆదివాసీ తెగలతో ఒప్పందం 1805లో గానీ కుదరలేదు. అప్పటికి జాబితాలోని వారు చాలామంది చనిపోయారు, లేదా తమ వాటాను వ్యాపారులకు చవగ్గా అమ్ముకున్నారు. ఈరోజు ఒహాయోలో నార్వాక్, న్యూ లండన్, గ్రీన్‌విచ్, న్యూ హేవెన్ అనే పేర్లున్న ఊళ్ళు కనబడితే కారణం ఇదే. ఇక్కడ ఒకరి ఇల్లు కాలితే అక్కడ వేరొకరి భూమి పోయింది.


నరసాపురం పాఠకుడు:

అందరి జవాబులూ విలువైనవే. కాని చర్చ అంతా బ్రిటిష్‌వారు కాల్చారు, అమెరికన్లు కాలిపోయారు అన్న ధోరణిలో నడుస్తోంది. ఉపన్యాసంలో ఇది ఒక పక్షపు కథగా వెళ్ళకూడదన్న ఉద్దేశంతో కొన్ని సంగతులు గుర్తుచేస్తాను.

వర్జీనియాలోని నార్‌ఫోక్ పట్టణం సంగతి తీసుకోండి. 1776 జనవరి 1న గవర్నరు లార్డ్ డన్మోర్ ఓడలు ఆ రేవును కొట్టాయి, అతడి మనుషులు దిగి రేవు ఒడ్డున నిప్పు పెట్టారు. ఊరు మొత్తం కాలిపోయింది. చాలాకాలం ఆ నింద అంతా డన్మోర్ మీదే ఉండిపోయింది. నిజానికి 1777లో వర్జీనియా వారే నియమించిన విచారణ సంఘం లెక్క తీస్తే, నాశనమైన 1,300 పైచిలుకు కట్టడాల్లో ఆ రోజు డన్మోర్ వల్ల పోయినవి 19 మాత్రమే. 863 కట్టడాలను జనవరిలో కాల్చింది దేశభక్తులమని చెప్పుకున్న అమెరికన్ పక్షపు సైనికులే. రాజభక్తుల ఊరన్న కోపంతో ఇల్లిల్లూ దోచుకుని మరీ కాల్చారు. మిగిలిన 416 ఇళ్ళను ఫిబ్రవరిలో వర్జీనియా ప్రతినిధుల సమావేశం ఆదేశం మీద, శత్రువుకు ఉపయోగపడకూడదని కాల్చేశారు. ఈ నివేదిక 1830ల దాకా వెలుగు చూడలేదు. యుద్ధం నడుస్తున్నప్పుడు ఇటువంటి నిజం ఎవరికీ అక్కరలేదు.

జలసంధి దాడులు కూడా ఏకపక్షం కావు. 1777 మేలో కర్నల్ మెగ్స్ కనెక్టికట్ నుంచి తిమింగలాల వేట పడవల్లో దాటి వెళ్ళి, లాంగ్ ఐలండ్ మీది సాగ్ హార్బర్‌లో డజను ఓడలు కాల్చి, 90 మందిని బందీలుగా తెచ్చుకున్నాడు. 1779 మేలో రాజభక్తులు ఫెయిర్‌ఫీల్డ్‌లో జనరల్ సిలిమన్‌ను ఇంట్లోంచి ఎత్తుకుపోతే, మార్పిడికి తగిన హోదా ఉన్న మనిషి కావాలని కనెక్టికట్ వారు అదే ఏడాది నవంబరులో లాంగ్ ఐలండ్ న్యాయమూర్తి థామస్ జోన్స్‌ను ఆయన ఇంటినుంచి ఎత్తుకొచ్చారు. రెండు ఒడ్డుల మధ్య ఇటువంటి దొంగచాటు రాకపోకలు నిత్యం జరిగేవి. పగలు యుద్ధం, రాత్రి సరుకు రవాణా అన్నట్టుగా కొందరు రెండు వైపులా వ్యాపారం కూడా చేశారు.

అన్నిటికన్నా పెద్ద విషయం వేరే ఉంది. ట్రయాన్ ఫెయిర్‌ఫీల్డ్ కాల్చిన అదే వేసవిలో వాషింగ్టన్ ఆదేశం మీద జనరల్ జాన్ సలివన్ ఇరాక్వా ఆదివాసీల దేశంలోకి సైన్యంతో వెళ్ళి, సుమారు 40 గ్రామాలను, వాటి మొక్కజొన్న చేలను, పండ్ల తోటలను కాల్చేశాడు. ఆ గ్రామాలను పూర్తిగా నాశనం చేయాలని మే 31 నాటి వాషింగ్టన్ ఆదేశంలోనే ఉంది. ఆ చలికాలం ఇరాక్వా కుటుంబాలు నయాగరా కోట దగ్గర బ్రిటిష్ వారి రేషన్ మీద ఆధారపడి, ఆకలికీ చలికీ ఎందరో చనిపోయారు. అమెరికన్ల నుంచి వారికి ఫైర్‌లాండ్స్ లాంటిది ఏదీ దక్కలేదు. యానాం సభ్యులు చెప్పిన విధానం ఇక్కడ కూడా వర్తిస్తుంది: ఎదుటివాడిని సమానమైన రాజ్యంగా గుర్తించినచోట సంధి, గుర్తించనిచోట నిప్పు. ఈ సూత్రం రెండు పక్షాల వారికీ ఒకటే.


కోనసీమ చరిత్ర అభిమాని, అమలాపురం:

ఇంత సమాచారం ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. నార్‌ఫోక్ వివరం, సలివన్ దండయాత్ర రెండూ ఉపన్యాసంలో చేరుస్తాను. కాకినాడ మాస్టారికి ఒక చిన్న ఉపప్రశ్న. ఈ దాడుల వల్ల జనం భయపడి రాజు వైపు తిరిగారా, లేక ఇంకా దూరమయ్యారా? తెలుగు వ్యాసాల్లో ఎక్కడ చూసినా దాడి జరిగింది కాబట్టి ప్రజలు ఉద్యమం వైపు వచ్చేశారని ఒక్క వాక్యంతో తేల్చేస్తున్నారు. అంత తేలికగా జరిగిందా అన్నదే నా అనుమానం.


విశ్రాంత అధ్యాపకుడు, కాకినాడ:

మీ అనుమానం సబబే. ఫాల్మత్ విషయంలో ఫలితం స్పష్టంగా కనబడుతుంది. ఆ వార్త వ్యాపించాక, మసాచుసెట్స్ నవంబరు 1న ప్రైవేటీర్లకు అనుమతి ఇచ్చే చట్టం చేసింది. రేవు పట్టణాలు రక్షణ గోడలు కట్టుకోవడం మొదలుపెట్టాయి. బ్రిటన్‌లో కూడా ఆ చర్యను మెచ్చుకున్నవారు తక్కువ. గ్రేవ్స్‌ను ఆ ఏడాది చివరికల్లా ఆ పదవి నుంచి తప్పించారు. నాగరిక దేశం ఇటువంటి పని చేసిందంటే నమ్మలేకపోతున్నానన్న అర్థంలో ఫ్రెంచి విదేశాంగ మంత్రి వెర్జెన్ రాశాడు. ఆయన మాటలను పూర్తిగా నిష్పాక్షికమైనవిగా తీసుకోనక్కరలేదు. ఇంగ్లండ్ ఇబ్బందిపడితే సంతోషించే మనిషి ఆయన.

1779 దాడుల ఫలితం అంత సూటిగా లేదు. ఫెయిర్‌ఫీల్డ్‌లో ట్రయాన్ ప్రకటనకు కర్నల్ శామ్యూల్ వైటింగ్ ఇచ్చిన జవాబు ధీమాగా ఉంది: మా సమాధానం మీకు చేరకముందే మీ మంటలు వచ్చేశాయి, కాబట్టి ఎదిరిస్తూనే ఉంటాం అన్నాడు. కానీ ఇల్లు కాలిన సాధారణ రైతు ధీమాతో బతకలేడు. పన్నులు కట్టలేమని, తీరాన్ని కాపాడటానికి ప్రభుత్వం ఏమీ చేయలేదని ఆ పట్టణాలవారు శాసనసభకు వరుసగా అర్జీలు పెట్టుకున్నారు. కోపం బ్రిటన్ మీద ఎంత ఉందో, తమను రక్షించని తమవారి మీద కూడా అంత ఉంది. తటస్థులు ఉద్యమంలోకి దూకేశారన్న మాటకంటే, తటస్థంగా ఉండటానికి చోటు లేకుండా పోయిందనడం సరిగ్గా ఉంటుంది. రాజభక్తుల ఇళ్ళు కూడా ఎదుటివారి ఇళ్ళతో పాటు కాలాయి. ఫెయిర్‌ఫీల్డ్‌లో రాజుగారి మతశాఖకు చెందిన చర్చి కూడా మిగలలేదు. ఆ చర్చికి వచ్చేవారిలో రాజుకు ప్రార్థన చేసేవారు ఎందరో ఉండేవారు. మంటకు ఆ తేడా తెలియదు.

న్యూ లండన్ దాడితో ఈ సంగతి ముగిస్తాను. 1781 ఆగస్టులో వాషింగ్టన్ సైన్యం ఫ్రెంచి సైన్యంతో కలిసి వర్జీనియా వైపు కదిలిపోతోందని క్లింటన్‌కు ఆలస్యంగా తెలిసింది. దానిని వెనక్కి తిప్పాలనీ, ప్రైవేటీర్ల గూడును చెదరగొట్టాలనీ, అమెరికన్ సేనానిగా ఉండి బ్రిటిష్ పక్షంలోకి మారిన బెనెడిక్ట్ ఆర్నల్డ్‌ను పంపాడు. ఆర్నల్డ్ పుట్టిన నార్విచ్ అదే నది మీద, ఆ రేవుకు పైన కొద్ది మైళ్ళ దూరంలో ఉంది. చిన్నప్పుడు ఎరిగిన ఊరి మీదికి శత్రు సైన్యంతో వచ్చాడు. గిడ్డంగుల్లో నిల్వ ఉన్న మందుగుండు పేలడం వల్ల మంటలు అనుకున్నదానికంటే ఎక్కువ పాకాయని తన నివేదికలో సర్దిచెప్పుకున్నాడు. 140కి పైగా కట్టడాలు కాలాయి. నదికి అవతల గ్రోటన్ దగ్గర గ్రిస్‌వోల్డ్ కోటను స్థానిక సేన గట్టిగా కాపాడింది. దాడి చేసినవారికి కూడా పెద్ద నష్టమే జరిగింది. కోట పడ్డాక కమాండర్ కర్నల్ విలియం లెడ్యార్డ్ కత్తి అప్పగిస్తుండగా అతడిని పొడిచి చంపారని బతికినవారు చెప్పారు. ఆ తర్వాత లొంగిపోయినవారి మీద కూడా చంపుడు ఆగలేదు. 80 మందికి పైగా రక్షకులు చనిపోయారు, వారిలో అత్యధికులు చుట్టుపక్కల ఊళ్ళవారే, అన్నదమ్ములు, తండ్రీకొడుకులు కూడా ఉన్నారు. వాషింగ్టన్ వెనక్కి తిరగలేదు. అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ లొంగిపోయాడు.

ట్రయాన్ సంగతి కూడా అడుగుతారని ముందే చెబుతున్నాను. అతడి మీద ఏ విచారణా జరగలేదు. అనారోగ్యంతో 1780లో ఇంగ్లండ్ వెళ్ళిపోయి 1788లో లండన్‌లో చనిపోయాడు.